ఏడిపించినవాళ్ల మీద పిల్లవాడు తిరగబడితే బాధ్యత ఎవరెవరిది?

మీరు రాసిన సంగతిని ముందుగా నా మాటల్లో చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సమాధానం అందులోని చిన్న చిన్న వివరాల్లోనే ఉంది. మీది విజయవాడలో బుడమేరు కట్టను ఆనుకుని ఉన్న కాలనీ. మీరు ఆటో నడుపుతారు, మీ భార్య నగరపాలక సంస్థలో పారిశుద్ధ్య కార్మికురాలు. మీ అబ్బాయికి పదమూడేళ్లు, మున్సిపల్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. 2024 సెప్టెంబరు వరదలో ఇల్లు మునిగాక మీరు ఈ కాలనీకి మారారు. వచ్చిన కొద్ది రోజులకే ఐదారుగురు పిల్లల బ్యాచ్ ఒకటి వాడి వెంట పడింది. వాళ్ల అమ్మ పని పట్టుకుని "చెత్తబండి" అని పిలవడం, బడికి వెళ్లే దారిలో డబ్బులు లాక్కోవడం, చొక్కా విప్పించి నిలబెట్టడం, ఒకరోజు పుస్తకాల సంచిని కాలువలోకి విసిరేయడం వరకూ వచ్చింది. తరగతి ఉపాధ్యాయుడికి చెబితే "బయట జరిగిన గొడవలు మీరు మీరు చూసుకోండి" అన్నారు. చివరికి మీరే విసిగిపోయి "ఇంకోసారి ఏడుస్తూ ఇంటికి రావద్దు, నాలుగు తగిలించి రా" అన్నారు. పోయిన వారం వాడు చేతిరుమాలులో రాయి కట్టుకుని వెళ్లి కొట్టాడు. అయితే ఆ దెబ్బ తగిలింది బ్యాచ్‌ను నడిపే పదిహేడేళ్ల కుర్రవాడికి కాదు, వాళ్ల వెనకాల తిరిగే పదకొండేళ్ల పిల్లవాడికి. కనుబొమ మీద కుట్లు పడ్డాయి, ముఖానికి అడ్డం పెట్టుకున్న చేతికి రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. తప్పు మా వాడిదా, నాదా, ఏడాదిగా వాణ్ణి ఏడిపించినవాళ్లదా, కేసయితే వాడి చదువు ఏమవుతుంది అని మీరు అడిగారు.

నేను చాలాకాలం మున్సిపల్ పాఠశాలల్లో పాఠాలు చెప్పాను, ఆ తర్వాత మనవాళ్లు జువైనల్ బోర్డు అని పిలిచే బాలల న్యాయ మండలిలో సామాజిక కార్యకర్త హోదాలో సభ్యుడిగా పనిచేశాను. ఇలాంటి పిల్లలను బల్లకు ఇవతలి వైపు నుంచి, అవతలి వైపు నుంచి కూడా చూసిన అనుభవంతో చెబుతున్నాను. మీ అబ్బాయికి ఇంతకాలం జరిగింది అన్యాయం. ఆ పదకొండేళ్ల పిల్లవాడికి మొన్న జరిగింది కూడా అన్యాయమే. మొదటిది ఎక్కువకాలం సాగిందని రెండోదాన్ని కొట్టివేయలేము, రెండోదానిలో రక్తం కనబడిందని మొదటిదాన్ని మరిచిపోనూ లేము. మీ కాలనీలో ఇప్పుడు జరుగుతున్న వాదన అంతా ఈ రెండింటిలో ఒకదాన్ని చెరిపెయ్యాలనే తాపత్రయమే. మీ వైపువాళ్లు "వాళ్లు చేసినదానికి ఇది చాలదు" అంటున్నారు, వాళ్ల వైపువాళ్లు "రాయితో కొట్టినవాడు రేపు కత్తి పడతాడు" అంటున్నారు. రెండు మాటలూ పిల్లలకు పనికిరావు.

ముందు మీ అబ్బాయి పడ్డదానికి సరైన పేరు పెట్టాలి, ఎందుకంటే దాన్ని "పిల్లల గొడవ" అని కొట్టిపారెయ్యడం వల్లే వ్యవహారం రాయి దాకా వచ్చింది. ఇద్దరు సమానులైన పిల్లలు కబడ్డీ దగ్గర కొట్టుకుని సాయంత్రానికి కలిసిపోతే అది గొడవ. ఒకే పిల్లవాడిని, వాడికంటే బలమున్నవాళ్లు, పదే పదే, కావాలని బాధపెడితే అది వేధింపు. నార్వేలో డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వవేత్త దశాబ్దాలపాటు ఈ తేడా మీదే పని చేశాడు. అక్కడ ఉత్తర ప్రాంతంలో ముగ్గురు మగపిల్లలు సహవిద్యార్థుల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నారన్న వార్త దేశాన్ని కుదిపేశాక, 1983లో ప్రభుత్వం దేశమంతటా బడుల్లో కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో సుమారు 2,500 మంది పిల్లలను రెండున్నరేళ్లు గమనిస్తే వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. అక్కడ పనిచేసిన ఉపాయాలు ఏమంత గొప్పవి కావు. విరామ సమయంలో పెద్దలు ఆవరణలో తిరగడం, తరగతిలో అందరికీ తెలిసిన కొద్దిపాటి నియమాలు పెట్టడం, ఏడిపించిన పిల్లవాడితోనూ వాడి తల్లిదండ్రులతోనూ జాప్యం లేకుండా కూర్చుని మాట్లాడటం, ఇవే. పెద్దవాళ్లు చూస్తున్నారన్న నమ్మకం పిల్లలకు కలిగింది. మీ అబ్బాయికి దొరకనిది సరిగ్గా అదే.

"మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అని మనవాళ్లు ఊరికే అనలేదు. కొత్తగా వచ్చినవాడు, కాలనీలో అన్నదమ్ములు, మేనమామలు లేనివాడు, తల్లి చేసే పనిని పట్టుకుని అవమానించడానికి వీలున్నవాడు ముందుగా దొరుకుతాడు. ఆ పిలుపులో కులం పేరు కూడా వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడుతున్నట్లయితే అది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వచ్చే విషయం, దాన్ని ఫిర్యాదులో విడిగా రాయాలి. అయితే అలా అన్నవాళ్లు కూడా మైనర్లే కాబట్టి ఆ వ్యవహారం కూడా బోర్డు ముందుకే వస్తుంది.

ఇప్పుడు మీరు అన్న మాట దగ్గరికి వస్తాను. "కొట్టి రా" అన్న తండ్రిని నేను రాక్షసుడిగా చూడను. పోలీసు పిలిస్తే రాని చోట, బడి పట్టించుకోని చోట, మెత్తగా ఉన్నవాడు రోజూ తన్నులు తింటాడని, ఒక్కసారి గట్టిగా నిలబడితే మళ్లీ ఎవరూ ముట్టుకోరని పెద్దవాళ్లు నమ్ముతారు. ఇది మన బస్తీలకే పరిమితమైన నమ్మకం కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు పేదవాడల్లో ఎలైజా ఆండర్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తిరిగి గమనించింది ఇదే. గొడవలంటే గిట్టని, చదువును, కష్టాన్ని నమ్ముకున్న కుటుంబాలు కూడా తమ పిల్లలకు వీధి పద్ధతి నేర్పక తప్పదనుకుంటాయి, ఎందుకంటే అక్కడ వీడి జోలికి వెళ్లకూడదన్న పేరే పిల్లవాడికి కవచం. మీ మాట వెనక ఉన్న భయం నాకు అర్థమవుతోంది. కాని ఆ మాట పిల్లవాడి చేతిలో పడ్డాక ఏమవుతుందో మీరు తెలుసుకోవాలి.

మీరు "కొట్టి రా" అన్నప్పుడు మీ మనసులో ఉన్నది ఒక పెద్ద కుర్రవాడి ఎదుట గుండె చిక్కబట్టుకుని నిలబడిన కొడుకు. మీ అబ్బాయి విన్నది మాత్రం వేరు. ఇకమీదట సహాయం కోసం ఇంటికి రాకూడదని, ఈ పని తానొక్కడే పూర్తి చెయ్యాలని విన్నాడు. పదిహేడేళ్ల కుర్రవాణ్ణి ఉత్త చేతులతో కొట్టలేనని వాడికి తెలుసు కాబట్టి రాయి పట్టుకున్నాడు. పట్టుకున్నాక కూడా ఆ కుర్రవాడి దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు కాబట్టి చేతికి అందినవాణ్ణి కొట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అయింది. ఇది మీ అబ్బాయి ఒక్కడి బలహీనత కాదు, ప్రతీకారం దాదాపు ఎప్పుడూ ఇలాగే కిందికి జారుతుంది. బాధపెట్టినవాడు బలవంతుడు, అందడు. వాడి పక్కన ఉన్న బలహీనుడు అందుతాడు.

బోర్డు ముందుకు వచ్చిన ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతుంది. పద్నాలుగేళ్ల వాడు, కాలనీలో తనను ఏడిపించే బ్యాచ్‌లో ఒకడిని ఇనుప కడ్డీతో కొట్టాడు. లోపలికి వచ్చినప్పుడు వాడు మా వంక చూడలేదు, బల్ల అంచున ఊడిపోయిన సన్మైకా ముక్కను బొటనవేలి గోరుతో పైకి లేపుతూ, మళ్లీ నొక్కుతూ కూర్చున్నాడు. ఎందుకు కొట్టావని అడగలేదు, ఆ ప్రశ్నకు అప్పటికే స్టేషన్‌లో, ఇంట్లో, బడిలో తలా ఒక సమాధానం చెప్పి ఉన్నాడు. ఆ అబ్బాయి నిన్నేమి చేశాడని అడిగాము. చాలాసేపు ఆలోచించి "వాడు ఏమీ చెయ్యలేదు సార్, నా చొక్కా పట్టుకునేవాడు" అన్నాడు. అంటే పెద్దవాళ్లు వీణ్ణి కొడుతున్నప్పుడు, విప్పించిన చొక్కాను చేతిలో పట్టుకుని నిలబడటం ఆ పిల్లవాడి పని. ఆ తర్వాత కాసేపటికి, ఎవరూ అడగకుండానే, "చొక్కా కింద పడెయ్యలేదు సార్, మడత పెట్టి పట్టుకునేవాడు" అన్నాడు. అప్పటిదాకా తాను కొట్టినవాడు బ్యాచ్‌లో ఒకడు మాత్రమే. ఆ మాటతో వాడు ఒక మనిషి అయ్యాడు. బాధ్యత మొదలయ్యే చోటు అదే అని నేను నమ్ముతాను. దాన్ని తిట్టి తెప్పించలేము, కొట్టి తెప్పించలేము, పిల్లవాడికి తాను పడ్డ బాధ చెప్పుకునే అవకాశం ముందు దొరికితేనే ఎదుటివాడి బాధ కనబడుతుంది.

అందుకే మీ అబ్బాయి చేత "తప్పయింది" అని వెంటనే చెప్పించడానికి తొందరపడవద్దు. ముందు వాణ్ణి కూర్చోబెట్టి ఈ ఏడాదిలో ఏమేమి జరిగిందో, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారో, అడ్డు తగలకుండా వినండి. మీకు తెలియనివి ఇంకా కొన్ని ఉంటాయి. మగపిల్లలు డబ్బు పోయిన సంగతి చెబుతారు, దెబ్బలు తిన్న సంగతి సగం చెబుతారు, బట్టలు విప్పించిన సంగతి చాలావరకు చెప్పరు. మీ అబ్బాయి ఆ మాట చెప్పాడంటే మీ మీద నమ్మకం ఇంకా పోలేదు, దాన్ని నిలుపుకోండి. అదంతా విన్నాక, ఆ పదకొండేళ్ల పిల్లవాడు నిన్ను ఏమి చేశాడు, వాడు ఆ బ్యాచ్‌లో ఎందుకు తిరుగుతున్నాడనుకుంటున్నావు, వేళ్లు విరిగిన చేతితో ఇప్పుడు అన్నం ఎలా తింటున్నాడు అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు, బలవంతపెట్టవద్దు.

ఆ చిన్నవాడి గురించి కూడా ఒక మాట. అంత చిన్న పిల్లవాడు పదిహేడేళ్ల వాళ్ల వెనక తిరగడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం ఒకటే. వాళ్ల వెనక తిరగకపోతే వాళ్ల చేతిలో పడేది తానేనని వాడికి తెలుసు. నవ్వమన్నప్పుడు నవ్వుతాడు, సంచి మొయ్యమంటే మోస్తాడు. వాడికి బాధ్యత లేదని అనను, మీ అబ్బాయి ఏడుస్తుంటే నవ్వినవాళ్లలో వాడూ ఉన్నాడు, ఆ నవ్వు మీ వాడి చెవిలో ఇంకా ఉంటుంది. కాని దాని వయసు పదకొండు, దాని వెనక ఉన్నది భయం.

మీ అబ్బాయిది ఆత్మరక్షణ కాదా అని మీరు అడిగారు. చట్టం దృష్టిలో కాదు, ఆ తేడాను పిల్లవాడికి కూడా చెప్పాలి. భారతీయ న్యాయ సంహితలో 34వ సెక్షన్ నుంచి ఆత్మరక్షణ హక్కు గురించి ఉంది. ఒంటికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడు ఆ హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతవరకే నిలుస్తుంది, అవసరానికి మించి హాని చెయ్యడానికి వీల్లేదు. వాళ్లు మీవాణ్ణి గోడకు నొక్కి కొడుతున్నప్పుడు వాడు తోసి, కరిచి, గుద్ది తప్పించుకుని ఉంటే ఏ బోర్డూ వాణ్ణి తప్పుపట్టదు, నేనైతే మెచ్చుకుంటాను. ఇంటి దగ్గర రాయి కట్టుకుని, వెతుక్కుంటూ వెళ్లి, ఆ క్షణంలో తన మీద చెయ్యి వెయ్యనివాణ్ణి కొట్టడం ప్రతీకారం. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు, ఏడు నుంచి పన్నెండు మధ్య అయితే చేసినదాని పర్యవసానం అర్థం చేసుకునే పరిపక్వత ఉందా లేదా అని చూస్తారు. మీ అబ్బాయి ఆ వయసు దాటాడు. ఎముక విరగడం తీవ్ర గాయం కిందికి వస్తుంది.

అంతమాత్రాన వాడి చదువు పోదు, బతుకు పోదు. ఇక్కడ మీరు గట్టిగా ఊపిరి పీల్చుకోవచ్చు. 2015 బాలల న్యాయ చట్టం, పదహారు నిండినవాళ్లు చేసిన ఘోర నేరాల్లో తప్ప, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పెద్దల కోర్టు పద్ధతికి దూరంగా పెట్టింది. కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరాలు గానీ, పెద్దలతో కలిసి చేసినవి గానీ కాకపోతే పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ నమోదు చెయ్యకూడదని 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. మీ అబ్బాయి విషయం ఆ ఘోర నేరాల వర్గంలోకి రాదు. స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారి జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపాలి. వాణ్ణి లాకప్‌లో ఉంచకూడదు, బేడీలు వెయ్యకూడదు. అదుపులోకి తీసుకున్నట్లయితే 24 గంటల్లో బోర్డు ఎదుట హాజరుపరచాలి, బెయిలు ఇవ్వడమే సాధారణ పద్ధతి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. విచారణ తర్వాత మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఇంట్లోనే ఉంచడం వంటి ఉత్తర్వులు ఇవ్వవచ్చు. తప్పు చేసిన పిల్లలను ఉంచే ప్రత్యేక గృహానికి పంపడం అనేది గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఉన్నా, ఇలాంటి పిల్లల విషయంలో అది చివరి మాట. 24వ సెక్షన్ ప్రకారం ఈ రికార్డు వల్ల ముందుముందు ఉద్యోగానికీ చదువుకూ అనర్హత రాకూడదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గర కొందరు తల్లిదండ్రులే ఎస్ఐ దగ్గరికి వెళ్లి "నాలుగు తగిలించి బుద్ధి చెప్పండి సార్" అంటారు. ఆ పని మీరు చెయ్యవద్దు, ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఏడాదిపాటు బలవంతుల చేతిలో దెబ్బలు తిన్న పిల్లవాడు మళ్లీ ఒక బలవంతుడి చేతిలో దెబ్బలు తింటే నేర్చుకునేది ఒకటే, తాను కూడా ఎప్పుడో ఒకప్పుడు అటువైపు చేరాలని. అలాగే పెద్దమనుషుల పంచాయితీలో ఇంత డబ్బు అని తేల్చి, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించి "అయిపోయింది" అంటే అయిపోయినట్టు కాదు. ఎముక విరిగిన కేసు అలాంటి కాగితంతో చట్టప్రకారం ముగియదు. అంతకంటే ముఖ్యంగా, ఆ కాగితంలో పిల్లలిద్దరిలో ఏ ఒక్కరూ ఉండరు.

వేధింపుకు గురై తిరిగి వేధించే పిల్లల గురించి ఎందుకింత ఆందోళన పడుతున్నానో చెబుతాను. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1,420 మంది పిల్లలను పెద్దవాళ్లయ్యేవరకు గమనించిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. కేవలం ఏడిపించినవాళ్లకంటే, కేవలం ఏడిపించబడినవాళ్లకంటే, రెండు పాత్రల్లోనూ ఉన్న పిల్లలే పెరిగాక కుంగుబాటుకు, తీవ్రమైన భయాందోళనకు, ఆత్మహత్య ఆలోచనలకు ఎక్కువగా గురయ్యారు. మన బస్తీల్లో దానికి ఇంకో కొస ఉంది. మొదటి దెబ్బ కొట్టి ఎదుటి బ్యాచ్‌కు భయపడుతున్న పిల్లవాణ్ణి ఇంకో బ్యాచ్ "అన్న" చేరదీస్తాడు. నీ జోలికి ఎవరూ రారని మాటిస్తాడు, నిలబెట్టుకుంటాడు కూడా. ఆ తర్వాత ఆ ఋణం తీర్చుకునే రోజు వస్తుంది. విజయవాడలో బ్లేడ్ బ్యాచ్ అని పేపర్లు రాసే కుర్రవాళ్లలో కొందరి మొదటి కథ ఇదే. రాబోయే నెల రోజుల్లో మీ అబ్బాయిని ఎవరు పొగుడుతున్నారో, ఎవరు బైకు ఎక్కించుకుంటున్నారో గమనించండి. రాయి పట్టిన రోజుకంటే ఆ పొగడ్త ప్రమాదకరమైనది.

బాధ్యత వాటాల గురించి అడిగారు కాబట్టి నా లెక్క చెబుతాను. రాయి కట్టుకున్నది, కొట్టింది మీ అబ్బాయి, ఆ వాటా వాడిది, దాన్ని "పాపం, వాడేం చేస్తాడు" అని మీరు మొయ్యవద్దు. దానివల్ల వాడికి మేలు జరగదు, తన చేతి పనికి తాను యజమాని కాదని నేర్చుకుంటాడు. మాట అన్నది మీరు, ఆ వాటా మీది, దాన్ని వాడి ఎదుటే ఒప్పుకోండి. ఏడిపించిన పిల్లల వాటా వయసును బట్టి ఉంటుంది, పదిహేడేళ్ల వాడిది అందరికంటే పెద్దది. వాడు డబ్బులు లాక్కోవడం బలవంతపు వసూలు, దాని మీద మీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, మీ అబ్బాయి కొట్టాడు కాబట్టి ఆ హక్కు మీకు పోలేదు. వాడి వెనక పెద్దవాళ్లు ఎవరైనా ఉండి పిల్లల చేత గంజాయి పొట్లాలు మోయిస్తున్నారన్న అనుమానం మీ కాలనీలో ఉందని రాశారు. అది నిజమైతే బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. దాన్ని మీ సొంత తగాదాతో కలపకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసి విడిగా చెప్పండి.

బడి వాటా మీద నాకు కోపం ఉంది, ఆ వృత్తిలో బతికినవాణ్ణి కాబట్టి ఇంకా ఎక్కువ ఉంది. "బయట జరిగింది మాకు సంబంధం లేదు" అన్న మాట చెల్లదు. డబ్బులు లాక్కున్నది బడికి వచ్చే దారిలో, చొక్కా విప్పించింది బడి మరుగుదొడ్ల వెనక అని మీరే రాశారు. అరవై మంది ఉన్న తరగతిలో ఉపాధ్యాయుడికి తీరిక లేదన్నది నిజమే, మధ్యాహ్న భోజనం లెక్కలూ యాప్‌లో ఫోటోలూ వాళ్ల మెడ మీద ఉన్నాయి. అయినా ఫిర్యాదు చేసిన పిల్లవాణ్ణి వెనక్కి పంపడానికి పట్టిన సమయంలోనే ప్రధానోపాధ్యాయుడికి ఒక మాట చెప్పవచ్చు. పిల్లవాడు ఒకసారి పెద్దవాళ్లకు చెప్పి ఫలితం లేక వెనక్కి వస్తే, రెండోసారి చెప్పడు. ఆ తర్వాత వాడు ఏం చేసినా అది మొదటిసారి విననివాళ్ల ఖాతాలో కూడా పడుతుంది.

చూస్తూ నిలబడినవాళ్లు మిగిలారు. టొరంటో నగరంలో బడి ఆటస్థలాలను వీడియో తీసి పరిశీలించిన కెనడా పరిశోధకులు, వేధింపు జరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ చుట్టూ పిల్లలు ఉన్నారని, వాళ్లలో ఒకరు అడ్డుపడితే సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే అది ఆగిపోయిందని 2001లో రాశారు. మీ కాలనీలో పుస్తకాల సంచిని కాలువలోకి విసిరేసిన రోజున బోరు దగ్గర బిందెలతో నిలబడినవాళ్లు, కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్లు ఉన్నారు కదా. ఎవరైనా ఒకరు "ఏందిరా అది, వదలండి" అని గొంతెత్తి ఉంటే సరిపోయేది. కాబట్టి మీరు వెళ్లి ఆ కొట్టు ఆయనతో, ఆ బోరు దగ్గర ఆడవాళ్లతో మాట్లాడండి. గొడవలోకి దిగమని అడగవద్దు, పేరు పెట్టి పిలిచి గొంతెత్తమని మాత్రం అడగండి. పోలీసు రావడానికి పట్టే సమయం కంటే అది దగ్గర.

ఇక ఈ వారంలో చెయ్యవలసిన పని. ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లండి. కోపం మీద ఉన్నారు కాబట్టి మీరొక్కరే వెళ్లవద్దు, రెండు ఇళ్లకూ తెలిసిన ఒక పెద్దామెను వెంటబెట్టుకుని, మీ భార్యతో కలిసి వెళ్లండి. మొదటిసారి పిల్లవాణ్ణి తీసుకువెళ్లవద్దు. మా వాడు చేసింది తప్పు, వైద్యం ఖర్చు మేం చూసుకుంటాం, మీ పిల్లవాడికి ఎలా ఉంది అని అడిగి కూర్చోండి. మీ అబ్బాయి పడ్డ బాధ గురించి ఆ రోజు చెప్పవద్దు. చెప్పాలనిపిస్తుంది, నోటి చివర దాకా వస్తుంది, ఆ రోజు మాత్రం వద్దు. ఆ మాట అప్పుడు వాళ్ల చెవికి సంజాయిషీగానే వినబడుతుంది. రెండోసారి, వాళ్లు ఒప్పుకుంటే, పిల్లవాణ్ణి తీసుకువెళ్లండి. కాళ్లు పట్టించవద్దు, జనం ముందు గుంజిళ్లు తీయించవద్దు, అవమానం ఈ కథలో ఇప్పటికే చాలా ఉంది. నిన్ను కొట్టడం తప్పు, నువ్వు నన్ను కొట్టలేదు అని తన మాటల్లో తానే చెబితే చాలు. కట్టు విప్పేదాకా ఆ పిల్లవాడి నోట్సు రాసిపెట్టడమో, మీ ఆటోలో ఇద్దరినీ బడికి దించడమో, రెండు ఇళ్లవాళ్లు ఒప్పుకున్న ఏదో ఒక పని మీ అబ్బాయి చేతులతో జరగాలి. ఆటో మాట తేలికగా అనలేదు. మీ ఆటోలో వచ్చే ఆ చిన్నవాడికి పదిహేడేళ్ల వాడి నీడ అవసరం తగ్గుతుంది. అయితే వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అది వాళ్ల హక్కు, పట్టుబట్టవద్దు, ఖర్చు మాత్రం ఇవ్వండి, రసీదులు దాచుకోండి.

బడికి ఇచ్చే అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం, తేదీ తీసుకోండి. నకలును పాఠశాల యాజమాన్య కమిటీకి, జిల్లా బాలల పరిరక్షణ అధికారికి పంపండి. "నా కొడుకును కాపాడండి" అని రాస్తే అది ఫైలులో కలుస్తుంది. మరుగుదొడ్ల వెనక విరామ సమయంలో ఒక ఉపాధ్యాయుడు ఉండాలి, బడి వదిలాక కట్ట మలుపు వరకు ఒక పెద్దమనిషి నిలబడాలి, ఈ బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులను ఫలానా తేదీలోపు పిలిపించాలి అని రాయండి. సంఘటనల తేదీలు గుర్తున్నంతవరకు రాయండి, గుర్తులేనివి "దసరా సెలవులకు ముందు" అన్నట్టు రాసినా పరవాలేదు. ఊహించి తేదీ వెయ్యవద్దు, ఒక తప్పు తేదీ మిగతా నిజాలన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

ఆ అర్జీ నకలే రేపు ప్రొబేషన్ అధికారి మీ ఇంటికి వచ్చినప్పుడు మీ అబ్బాయికి అన్నిటికంటే పనికొచ్చే కాగితం. ఆయన రెండు వారాల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి, ఇంట్లోవాళ్లతోనూ బడిలోనూ చుట్టుపక్కలవాళ్లతోనూ మాట్లాడతారు. ఆయన వచ్చినప్పుడు మీ అబ్బాయి ఏం చెప్పాలో నేర్పించవద్దు. మీరు అన్న మాటను మీరే చెప్పండి, వాడు చేసినదాన్ని వాణ్ణే చెప్పనివ్వండి. న్యాయవాదిని పెట్టుకునే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, పిల్లలకు ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఈ లోపు వాడు బడి మానకూడదు. మొదటి రెండు వారాలు మీరే ఆటోలో దించి, తీసుకురండి, కిరాయి కొంత పోయినా సరే. బోర్డు నుంచి తేదీ వచ్చాక ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టుగా, పేర్లు తీసేసి, ఇక్కడ రాయండి. ఆ రోజు ఏమేమి పట్టుకెళ్లాలో చెబుతాను.